కాలి కొలత, అడిగే మాట: రెండు నెలల పరిశోధనలో నా అనుభవం

ఎం.బి.బి.ఎస్. రెండో సంవత్సరంలో ఉండగా, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వైద్య విద్యార్థుల కోసం నడిపే స్వల్పకాలిక పరిశోధన పథకానికి నేను దరఖాస్తు పెట్టాను. కాలేజీల్లో అందరూ దీన్ని ఎస్‌టీఎస్ అనే అంటారు. 1979లో మొదలైన ఈ పథకంలో ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. చదువుతున్న వాళ్ళు తమ కాలేజీలోని ఒక అధ్యాపకుణ్ణి గైడ్‌గా ఎంచుకుని, రెండు నెలల్లో ముగిసే చిన్న పరిశోధన చేసి నివేదిక పంపాలి. నివేదికను ఆమోదించిన తరువాతే ధ్రువపత్రమూ స్టైపెండూ వస్తాయి. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఎంపిక జాబితాలో పేరు కనబడగానే పని అయిపోయినట్టు సంబరపడి, నివేదిక దాకా రాకుండానే ఆగిపోయిన వాళ్ళను మా బ్యాచ్‌లోనే చూశాను.

నేను తీసుకున్న విషయం బోదకాలు. మా అమ్మమ్మగారి ఊరు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి ముక్తేశ్వరం వైపు వెళితే వస్తుంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు అరుగుల మీద కూర్చునే పెద్దవాళ్ళలో ఒకరిద్దరు చీర కుచ్చెళ్ళు కిందికి లాగి ఒక కాలిని కప్పుకోవడం నాకు బాగా గుర్తు. అది బోదకాలని పిల్లలకు ఎవరూ చెప్పేవారు కాదు. మైక్రోబయాలజీలో ఫైలేరియా పాఠం వచ్చిన రోజున, క్యూలెక్స్ దోమ, మురుగునీరు, రాత్రివేళ రక్తంలో తిరిగే సూక్ష్మ క్రిములు అని రాసుకుంటుంటే ఆ అరుగులే కళ్ళ ముందు మెదిలాయి. ఈ జబ్బుకూ మా ప్రాంతానికీ ఉన్న చుట్టరికం పాతది. ఫైలేరియా మీద శిక్షణ, పరిశోధన కోసం దేశంలో నెలకొల్పిన ప్రాంతీయ కేంద్రాలు మూడు, కాలికట్‌లో ఒకటి, వారణాసిలో ఒకటి, మూడోది మన రాజమండ్రిలో. ఏటా ఇంటింటికీ పంచే మాత్రల్లో ఒకటైన డైఇథైల్‌కార్బమజైన్ కూడా 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనలోంచి 1940లలో వచ్చిన మందే.

ఇంత ఉత్సాహంతో కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోని మా మేడం దగ్గరికి వెళ్ళి, "బోదకాలు మీద చేస్తానండి మేడం" అన్నాను. ఆవిడ నా కాగితం పక్కన పెట్టి, "బోదకాలు జబ్బు పేరమ్మా. నీ ప్రశ్న ఏమిటి?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ ప్రశ్న కోసం మూడు వారాలు పట్టింది. మొదట, ఏటా మాత్రలు మింగినవాళ్ళకు కాలి వాపు ఎంత తగ్గిందో చూస్తానని రాసుకొచ్చాను. ఆ మాత్రలు రక్తంలోని సూక్ష్మ క్రిములను తగ్గించి దోమ ద్వారా మరొకరికి సోకకుండా చేస్తాయి కానీ, ఏళ్ళ తరబడి దెబ్బతిన్న శోషరస నాళాలను (కణాల మధ్య చేరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాలను) బాగుచేసి ముదిరిన వాపును తీసేయలేవని మేడం పుస్తకం తెరిచి చూపించారు. రెండోసారి, రాత్రి రక్తపరీక్షలతో ఊళ్ళో ఎంతమందికి క్రిములు ఉన్నాయో లెక్కగడతానన్నాను. "రాత్రి పది దాటాక ఇల్లిల్లూ తిరిగి వేలి నుంచి రక్తం తీసి, స్లైడ్లు రంగు వేసి, ఒక్కొక్కటీ మైక్రోస్కోపు కింద చూడాలి. వందల స్లైడ్లు. రెండు నెలల్లో నువ్వొక్కదానివీ చేయగలవా?" అని అడిగారు. మూడోసారికి ప్రశ్న బాగా చిన్నదైంది. ఇప్పటికే బోదకాలు ఉన్నవాళ్ళకు గత ఏడాదిలో జ్వరంతో కూడిన వాపు ఎన్నిసార్లు వచ్చింది, వాళ్ళు కాలిని రోజూ ఎలా చూసుకుంటున్నారు అన్నంత వరకే. దానిలో ఏముందని నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. కానీ వాపు కాలును ఏటికేడు మరింత పాడుచేసేది ఎక్కువగా ఈ జ్వరాలే. వేళ్ళ సందులు తడికి మెత్తబడి చీలిన చోట బాక్టీరియా చొరబడి, అప్పటికే నీరు పట్టిన కాలిలో ఎర్రటి వాపూ నొప్పీ చలిజ్వరమూ తెస్తుంది. సబ్బుతో కడిగి, తుడిచి, ఆరనిచ్చి, సందుల్లో మందు రాసుకుంటే చాలావరకు ఆపగలిగిన బాధ ఇది. ఇంత తక్కువ ఖర్చుతో ఆగేదాన్ని గురించి అడగడం చిన్న విషయం కాదని ఊళ్ళు తిరిగాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ఎంతమందిని చూడాలన్నది కాలేజీల్లో అందరూ వాడే నాలుగు పీక్యూ సూత్రంతో (4pq/d²; p అంటే ముందటి శాతం, q అంటే వందలో మిగిలినది, d అంటే ఒప్పుకునే తేడా) లెక్కవేశాం. మా ప్రాంతానికి ముందటి అంకె దొరక్కపోవడంతో యాభై శాతం అనుకుని, పది శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే వంద మంది అవుతారు. ఆన్‌లైన్ దరఖాస్తు, గైడ్ అనుమతి, విభాగాధిపతి సంతకాల గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. ఓపిక ఉంటే అవే అవుతాయి. పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు అన్యాయం జరగకుండా చూసే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) మాత్రం అలా కాదు. దాని అనుమతి చేతికి రానిదే ఒక్క మనిషిని కూడా ప్రశ్న అడగకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ సంఘానికి అధ్యక్షులు సంస్థకు బయటి వ్యక్తి అయి ఉండాలి. న్యాయం తెలిసినవారు ఒకరు, వైద్యంతో సంబంధం లేని సామాన్య వ్యక్తి ఒకరు కూడా ఉండాలి. మా సంఘంలో ఆ సామాన్య సభ్యులు ఉద్యోగ విరమణ చేసిన తెలుగు మాస్టారు.

డాక్టర్లంతా నా నమూనా లెక్క మీద ప్రశ్నలు అడుగుతుంటే, మాస్టారు సమ్మతి పత్రం తీసి, "అమ్మా, ఇది ఒకసారి పైకి చదువు" అన్నారు. "ఈ అధ్యయనమునందు మీ భాగస్వామ్యము స్వచ్ఛందము. ఏ దశలోనైనను నిష్క్రమించు హక్కు మీకు కలదు" అని చదివాను. ఆయన ఆపమని చెయ్యి చూపించి, "మీ అమ్మమ్మగారికి ఇలాగే చెబుతావా?" అని అడిగారు. ఆ పత్రాన్ని ఇంగ్లిషులోంచి నేనే తెలుగు చేశాను, ఎంతో జాగ్రత్తగా చేశాననే అనుకున్నాను. ఆ రాత్రి మళ్ళీ రాశాను. "మీకు ఇష్టమైతేనే చెప్పండి. మధ్యలో వద్దనిపిస్తే ఆపేయండి. ఆపేసినా ఆస్పత్రిలో మీకు చేసే వైద్యంలో ఏ తేడా రాదు." చదువురానివారు వేలిముద్ర వేసేటప్పుడు మా పరిశోధనతో సంబంధం లేని, చదవడం వచ్చిన సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఆశా కార్యకర్తను సాక్షిగా రాస్తానంటే కూడా మాస్టారు ఒప్పుకోలేదు. ఆవిడ రోజూ మాత్రలు ఇచ్చే మనిషి కాబట్టి, ఆవిడ ముందు వద్దనడానికి వాళ్ళు మొహమాటపడతారని ఆయన అభ్యంతరం. అప్పటి నుంచి పక్కింటివాళ్ళనే పిలిచాను.

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలి, నారుమళ్ళు పోస్తున్న రోజుల్లో ఊళ్ళల్లోకి దిగాను. మొదటి ఐదు రోజుల్లో ఇరవై రెండు మందిని కలిశాను. కాగితాలు చకచకా నిండుతుంటే గర్వంగా ఉండేది. ఆరో రోజు సాయంత్రం మేడం ఆ కట్టంతా ముందేసుకుని ఒక్కొక్కటే తిప్పుతూ వచ్చారు. గత ఏడాదిలో ఎన్నిసార్లు అన్న గడిలో ఇంచుమించు ప్రతి కాగితంలోనూ సున్నా ఉంది. "ఇంతమందికీ ఏడాదంతా ఒక్కసారి కూడా రాలేదా? నువ్వు ఏమని అడిగావు, అడిగినట్టే నాకు చెప్పు" అన్నారు. "గత పన్నెండు నెలల్లో మీకు తీవ్రమైన వాపు దాడి ఎన్నిసార్లు వచ్చింది అని అడిగానండి" అన్నాను. "దాడి ఎవరు చేస్తారమ్మా వాళ్ళ మీద?" అన్నారు మేడం, చాలా మెల్లగా. తరువాత, "ఈ కాగితాల్లో ఉన్నది వాళ్ళ మాట కాదు, నీ మాట. ఇవి పనికిరావు" అని కట్ట నాకు తిరిగి ఇచ్చేశారు.

ఐదు రోజుల పని. నాకు ఏడుపు వచ్చిన మాట నిజం. కానీ మర్నాడు ఆవిడే కారు తీసుకుని నాతో ఊళ్ళోకి వచ్చారు. కాగితం తీయకుండా ఒక ముసలావిడ పక్కన అరుగు మీద కూర్చుని, "ఈ కాలు ఎప్పుడైనా బాగా బాధపెట్టిందా అమ్మా?" అని అడిగి ఊరుకున్నారు. ఆవిడ కాసేపు ఆగి, "ఆయ్, పెట్టకేమండీ. గజ్జల్లో బిళ్ళ కట్టేసి, చలి పట్టుకుని, మూడ్రోజులు లేవలేనండి. ఊడ్పులప్పుడొకసారి, మళ్ళీ అంతర్వేది తీర్థం ముందరొకసారి" అని వరసగా చెప్పుకుపోయింది. అంతకు నాలుగు రోజుల ముందు ఇదే మనిషి పేరు మీద నేను సున్నా వేశాను.

ఆ సాయంత్రం నుంచి మా ప్రశ్న మారింది. "గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రబడి పనిలోకి వెళ్ళలేకపోయిన రోజులు ఉన్నాయా?" అని అడిగేవాళ్ళం. పన్నెండు నెలలు అన్నది కూడా ఎవరికీ అందే లెక్క కాదు. అందుకని ఊరివాళ్ళ నోటి నుంచి విన్నవాటితోనే ఒక పట్టీ తయారుచేశాం. సంక్రాంతి, కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది తీర్థం, శివరాత్రి, దాళ్వా (రెండో వరిపంట) కోతలు, కాలువలు కట్టేసిన రోజులు, సార్వా (తొలి వరిపంట) ఊడ్పులు, గోదారి పోటెత్తిన రోజులు, అట్లతద్ది, కార్తీకం. ఒక్కొక్క గుర్తు దగ్గరా ఆగి, "అప్పుడు కాలు ఎలా ఉంది?" అని అడిగితే, నెల పేరు చెప్పలేనివాళ్ళు కూడా "ఊడ్పుల కూలికి వెళ్ళలేదండి, మంచం మీదే ఉన్నాను" అని స్పష్టంగా చెప్పేవారు. కూలి పోయిన రోజును ఎవరూ మర్చిపోరు. పుస్తకాల్లో జ్ఞాపక దోషం అని ఒక మాట ఉంటుంది, పరీక్షలో రెండు మార్కులకు రాస్తాం. అది మనుషుల జ్ఞాపకశక్తి లోపమనే అప్పటిదాకా అనుకున్నాను. మేము అడిగే తీరులో కూడా దానికి చోటుంటుందని ఆ పట్టీ తయారయ్యాక తెలిసింది.

కాలి కొలత సంగతీ అంతే. చీలమండ ఎముకకు పది సెంటీమీటర్ల పైన చుట్టుకొలత తీసుకోవాలి. నేను దర్జీలు వాడే గుడ్డ టేపు కొనుక్కున్నాను. ఒకరోజు మేడం ఆ టేపును ఇనుప స్కేలు పక్కన పరిచి చూపిస్తే, అది వాడకానికి సాగి ముప్పై సెంటీమీటర్ల దగ్గర దాదాపు అర సెంటీమీటరు తేడా వచ్చింది. సాగని టేపు తెప్పించారు. ఆ తరువాత నా కొలతను నేనే పరీక్షించుకునేలా చేశారు. ఒకే కాలిని మూడుసార్లు, ప్రతిసారీ పెన్ను గుర్తు చెరిపేసి మళ్ళీ ఎముక వెతికి కొలవాలి. అంకె నేను చూడకూడదు, పక్కనున్న పీజీ అక్క చూసి రాసుకుంటుంది. మొదటి రోజు మూడు కొలతలూ మూడు రకాలుగా వచ్చాయి. టేపును చర్మానికి ఆనించి ఊరుకోవాలా, కాస్త బిగించాలా అన్నది చెయ్యికి అలవాటు కావడానికి వారం పట్టింది. ఇంకొక చిక్కు మేము ముందుగా ఊహించలేదు. కూలికి వెళ్ళేవాళ్ళు దొరకాలని కొన్ని ఇళ్ళకు తెల్లవారుజామునే వెళ్ళాను, కొన్నింటికి సాయంత్రం. మొదటి దశ బోదకాలులో రాత్రి పడుకుంటే పొద్దుటికి వాపు తగ్గిపోతుంది. పగలంతా బురదలో నిలబడి వచ్చాక మళ్ళీ నిండుతుంది. అలాంటప్పుడు పొద్దున కొలిచిన కాలినీ సాయంత్రం కొలిచిన కాలినీ ఒకే వరసలో ఎలా రాస్తావని మేడం అడిగితే, పొద్దుటి వాళ్ళందరి ఇళ్ళకూ సాయంత్రం నాలుగు దాటాక మళ్ళీ వెళ్ళాల్సివచ్చింది.

ప్రశ్నలన్నీ అయ్యాకే కాలి సంరక్షణ నేర్పాలన్నది మేడం పెట్టిన నియమం. ముందే నేర్పితే జవాబులు మా మాటలకు తగ్గట్టు మారిపోతాయి. అసలు నేర్పకుండా లేచి వచ్చేస్తే, వాళ్ళ దగ్గర విషయం తీసుకుని తిరిగి ఏమీ ఇవ్వనట్టవుతుంది. ఒక ఇంట్లో బేసిన్‌లో నీళ్ళు పెట్టించి మామూలు ఒంటిసబ్బు తెమ్మంటే ఆ ఇంటావిడ వెనక్కి జరిగింది. నీరు పట్టిన కాలికి నీళ్ళు తగలకూడదని ఎవరో ఎప్పుడో చెప్పారట. కొన్నేళ్ళుగా ఆ కాలిని తడిగుడ్డతో పైపైన తుడుచుకోవడమే తప్ప కడగలేదు. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, సన్నటి చీలిక లోపల ఎర్రగా కనబడుతోంది. నేను నీళ్ళు పోసి, సబ్బు నురగను వేలితో సందుల్లోకి పోనిచ్చి కడిగి, రుద్దకుండా పొడిగుడ్డతో అద్ది, సందుల్లో చిన్న గుడ్డపేలిక దూర్చి తడి పీల్చాను. పక్కన కూర్చున్న కోడలు చూస్తూ చూస్తూ లేచి వచ్చి రెండో కాలిని తనే కడిగింది. నేను చూపించినదానికంటే ఓపికగా కడిగింది. ఆ తరువాత ఏ ఇంట్లోనైనా రోగికి మాత్రమే కాకుండా ఇంట్లో ఉన్న మరొకరికి కూడా నేర్పాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

గడువుకు పదకొండు రోజులు ఉండగా ఎనభై మూడు మంది అయ్యారు. వర్షాలు పట్టుకున్నాయి. ఊడ్పులకు పక్క మండలాలకు వెళ్ళినవాళ్ళు ఇళ్ళలో దొరకడం లేదు. నాకు ఎంతో సాయం చేసిన ఆశా అక్క, "మిగతావాళ్ళ సంగతి నాకు తెలుసు కదమ్మా, నేను చెబుతాను, రాసేసుకో" అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది. నాకు మనసు కాస్త అటు లాగిన మాట కూడా దాచను. ఆ రాత్రి మేడంకు ఫోన్ చేసి అడిగితే, ఆవిడ కోప్పడలేదు. "వంద రాకపోతే తప్పు కాదు. ఎంతమంది దొరికితే అంతమందినే రాసి, మిగతావాళ్ళు ఎందుకు దొరకలేదో కూడా నివేదికలో రాద్దాం" అన్నారు. చివరికి తొంభై ఒకరు అయ్యారు. నివేదిక చదివేవాళ్ళు తొమ్మిది తక్కువైనందుకు తిప్పిపంపుతారేమోనని చాలా భయపడ్డాను.

కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు మళ్ళీ సున్నా దగ్గరే తప్పు చేశాను. జ్వరం రాలేదన్నవాళ్ళకూ, గుర్తు లేదన్నవాళ్ళకూ ఒకే సున్నా వేశాను. పీజీ అక్క ప్రతి పదో కాగితాన్నీ మళ్ళీ ఎక్కించి పోల్చి చూస్తే బయటపడింది. గుర్తు లేదన్నదానికి వేరే సంఖ్య ఇచ్చి, తొంభై ఒక్క కాగితాలూ మొదటి నుంచి సరిచూశాను. ఆ రెండు జవాబులూ ఒకటి కావని మొదటి వారంలోనే నేర్చుకున్నదాన్నై ఉండి కూడా ఆ పని చేశానంటే, అలసటే కారణమని తప్ప ఇంకేమీ చెప్పలేను.

ఫలితాల్లో కొత్తగా కనిపెట్టినది ఏమీ లేదు. వేళ్ళ సందుల్లో చీలికలు ఉన్నవాళ్ళకు జ్వరాలు ఎక్కువసార్లు వచ్చినట్టు మా చిన్న గుంపులో కూడా కనిపించింది. ఇంతకుముందు పెద్ద పరిశోధనలు చెప్పిందీ అదే. నేను ఉత్సాహంగా "చీలికల వల్ల జ్వరాలు వస్తున్నాయి" అని రాస్తే, మేడం "వల్ల" అన్న మాట చుట్టూ ఎర్రగీత గీశారు. చీలికలనూ జ్వరాలనూ ఒకేసారి చూసిన పరిశోధనలో ఏది ముందు వచ్చిందో తెలియదు కాబట్టి, "ఉన్నవారిలో ఎక్కువగా కనిపించాయి" అని మాత్రమే రాయనిచ్చారు. చర్చ భాగాన్ని ఆవిడ ఐదుసార్లు తిప్పి ఇచ్చారు. ప్రతిసారీ నేను తెలిసినదానికంటే ఎక్కువ చెప్పిన చోటల్లా ఆ ఎర్రగీత ఉండేది. చివరి ప్రతిలో రెండు గీతలే మిగిలాయి.

నివేదిక ఆమోదం పొందింది. తొమ్మిది మంది తక్కువైన విషయం మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సమ్మతి పత్రాలూ పూర్తిచేసిన కాగితాలూ మా విభాగంలోని ఇనుప బీరువాలో తాళం వేసి ఉన్నాయి. పనికిరాని ఆ ఇరవై రెండు కాగితాలను కూడా మేడం పారేయనివ్వలేదు. వేరే కవరులో పెట్టి, పైన కారణం రాయించారు.

ఈ ఏడాది మా జూనియర్ ఒకడు అదే పథకంలో పశువుల కాపరుల కాళ్ళ పుండ్ల మీద పని మొదలుపెట్టి, మా ప్రశ్నలూ పండగల పట్టీ ఇమ్మని అడిగాడు. ఇచ్చాను. అతని ఊళ్ళు మెట్ట ప్రాంతంలోవి. వారం తరువాత ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ దాళ్వా లేదు, కాలువలు కట్టేయడమూ లేదు. నీ పట్టీ నాకు సరిపోదు" అన్నాడు. ఏం చేస్తున్నావని అడిగితే, రచ్చబండ దగ్గర కూర్చుని ఆ ఊరివాళ్ళను ఏయే రోజులు ఎలా గుర్తుపెట్టుకుంటారో అడిగి, పట్టీ మొదటి నుంచి రాసుకుంటున్నానని చెప్పాడు.